యూర్గెన్ ష్మిడ్‌హూబర్: ఎల్‌ఎస్‌టీఎం ఘనత, తెగని వివాదాలు

కృత్రిమ మేధ పరిశోధనలో యూర్గెన్ ష్మిడ్‌హూబర్ పేరు సాధారణంగా రెండు సందర్భాల్లో వినిపిస్తుంది. ఎల్‌ఎస్‌టీఎం (లాంగ్ షార్ట్-టర్మ్ మెమరీ) అనే న్యూరల్ నెట్‌వర్క్, అంటే ఉదాహరణల నుంచి నేర్చుకునే గణిత నిర్మాణం, ప్రస్తావన వచ్చినప్పుడు ఒకసారి, ఈ రంగంలో ఎవరికైనా పెద్ద పురస్కారం ప్రకటించినప్పుడు మరోసారి. కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతంగా భావించే ట్యూరింగ్ అవార్డును 2018 సంవత్సరానికి జెఫ్రీ హింటన్, యాన్ లెకున్, యోషువా బెంజియోలకు ఇచ్చినప్పుడు ఆయన సుదీర్ఘమైన అభ్యంతరాలు రాశారు. 2024లో భౌతికశాస్త్ర నోబెల్ జాన్ హాప్‌ఫీల్డ్‌కూ హింటన్‌కూ దక్కినప్పుడు మళ్లీ రాశారు. వాటి సారం ఒక్కటే: ఈ ఆలోచనలను అంతకు ముందే వేరేవారు ప్రచురించారు, ఆ వేరేవారిలో తానూ తన విద్యార్థులూ ఉన్నారు, వారికి దక్కాల్సిన పేరు దక్కలేదు. దీన్ని కొందరు అన్యాయానికి గురైన మేధావి ఆక్రోశంగా చూస్తారు, మరికొందరు కీర్తికాంక్షగా కొట్టిపారేస్తారు. రెండూ తొందరపాటు తీర్పులే. ఆయన వాదనలన్నీ ఒకే రకమైనవి కావు. కొన్ని తిరుగులేనివి, కొన్ని సగం నిజాలు, కొన్ని బాగా సాగదీసినవి. వాటిని విడదీసి చూడాలంటే ఆయన దాదాపు నలభై ఏళ్ల పనిలోని గణితాన్ని కాస్త దగ్గరగా పరిశీలించక తప్పదు.

ష్మిడ్‌హూబర్ 1963 జనవరి 17న మ్యూనిక్‌లో పుట్టారు. తనకంటే తెలివైన యంత్రాన్ని తయారుచేసి, ఆ తర్వాత హాయిగా విశ్రాంతి తీసుకోవాలని పదిహేనేళ్ల వయసు నుంచే కోరుకున్నట్టు ఆయన ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1987లో సమర్పించిన డిప్లొమా సిద్ధాంత వ్యాసంలోనే ఆ కోరిక ఛాయలు కనిపిస్తాయి. నేర్చుకునే ప్రోగ్రాము ఒకటి, అది నేర్చుకునే పద్ధతిని మెరుగుపరిచే ప్రోగ్రాము ఇంకొకటి, దాన్నీ మెరుగుపరిచేది మరొకటి, ఇలా అంతస్తు మీద అంతస్తు వేసుకుంటూ పోవడం ఆ వ్యాసంలోని ప్రతిపాదన. అప్పట్లో జర్మనీలో డిప్లొమా అంటే మన మాస్టర్స్ డిగ్రీకి సమానమైన పట్టా అని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఈ కథలో అంతకంటే ముఖ్యమైన డిప్లొమా వ్యాసం మరొకటి రాబోతోంది. 1991లో అదే విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. కొంతకాలం అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో పనిచేశారు. 1993లో ఆచార్య పదవికి అర్హతగా జర్మన్ విశ్వవిద్యాలయాలు పరిగణించే హాబిలిటేషన్ పూర్తిచేశారు.

1990, 1991లలో మ్యూనిక్‌లో జరిగిన పనిని ఆయన ‘అద్భుత సంవత్సరం’ అని పిలుచుకుంటారు. సొంత పనికి అంత పెద్ద బిరుదు తగిలించుకోవడం ఎబ్బెట్టుగానే ఉంటుంది గానీ, ఆ కాలంలో వెలువడిన నివేదికలను తిరగేస్తే ఆ బిరుదు పూర్తిగా అబద్ధమని కూడా అనలేం. ఒక నెట్‌వర్క్‌ను మరో నెట్‌వర్క్‌తో పోటీకి దింపడం, ఒక నెట్‌వర్క్ చేత మరో నెట్‌వర్క్ వెయిట్లను (లెక్కల్లో వాడే, శిక్షణతో మారే సంఖ్యలను) మార్పించడం, లోతైన నెట్‌వర్క్‌కు ముందుగా జవాబులు చెప్పకుండానే తొలి విడత శిక్షణ ఇవ్వడం అనే మూడు ఆలోచనలూ అప్పటివే. కంప్యూటర్లు మాత్రం ఆ ఆలోచనలకు తగ్గ శక్తి ఉన్నవి కావు. చిన్నపాటి కృత్రిమ సమస్యల మీద పనిచేయించి చూపడమే అప్పట్లో గగనం. అందువల్ల అవన్నీ సాంకేతిక నివేదికలుగా, సదస్సు పత్రాలుగా మిగిలిపోయాయి. వాటిలోంచి లోకమంతా వాడుకునే స్థాయికి ఎదిగింది మాత్రం ఆయన సొంతంగా రాసిన పత్రం కాదు, ఆయన దగ్గర చదువుకున్న విద్యార్థి డిప్లొమా వ్యాసం.

ఆ విద్యార్థి సెప్ హోక్‌రైటర్. 1991 జూన్‌లో జర్మన్ భాషలో సమర్పించిన ఆ వ్యాసం ఏ సమస్యను పట్టుకుందో తెలుసుకోవడానికి ఒక మామూలు తెలుగు వాక్యం సరిపోతుంది. ‘సీత రాత్రి రైలు ఆలస్యమై తెల్లవారుజామున దిగిన అన్నయ్యనూ అతని మిత్రులనూ ఆటోలో ఇంటికి తీసుకొచ్చింది.’ చివరి క్రియ ‘తీసుకొచ్చింది’ అని ఉండాలా, ‘తీసుకొచ్చాడు’ అని ఉండాలా, ‘తీసుకొచ్చారు’ అని ఉండాలా అన్నది మొదటి మాట మీద ఆధారపడింది. మధ్యలో పది మాటలు ఉన్నాయి. వాటిలో దారి తప్పించడానికి ఒక పుంలింగ నామం, ఒక బహువచనం కూడా ఉన్నాయి. వాక్యాన్ని ఒక్కో మాటగా వరుసగా చదివే నెట్‌వర్క్‌ను రికరెంట్ నెట్‌వర్క్ అంటారు. అది ప్రతి మెట్టులోనూ కొత్త మాటను తన వెనకటి స్థితితో కలిపి కొత్త స్థితిని లెక్కకడుతుంది. చివర్లో తప్పు క్రియ రాస్తే, ఆ తప్పుకు మొదట్లో ఉన్న ‘సీత’ను పట్టించుకోకపోవడమే కారణమని దానికి తెలియాలి. అందుకోసం దోష సంకేతాన్ని చివరి మెట్టు నుంచి ఒక్కో మెట్టే వెనక్కి పంపుతారు.

ఇబ్బంది అంతా ఈ వెనక్కి నడవడంలోనే ఉంది. ప్రతి మెట్టు దగ్గరా దోష సంకేతం ఏదో ఒక సంఖ్యతో గుణించబడుతుంది. ఆ రోజుల్లో ఎక్కువగా వాడిన, ఏ విలువనైనా 0, 1ల మధ్యకు కుదించే సిగ్మాయిడ్ ఫలనం వాలు ఎప్పుడూ 0.25ని మించదు. కాబట్టి కలిపే వెయిటు 1 అనుకుంటే, ఒక్కో మెట్టుకూ సంకేతం కనీసం నాలుగో వంతుకు పడిపోతుంది. పది మెట్లు దాటేసరికి పది లక్షల్లో ఒక వంతు కూడా మిగలదు. అంటే ‘సీత’ దగ్గరికి చేరేసరికి దిద్దుబాటు ఆవిరైపోతుంది. వెయిట్లు పెద్దవైతే ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది. ఒక్కో మెట్టుకూ 1.5 రెట్లు పెరిగే సంకేతం యాభై మెట్లలో అరవై కోట్ల రెట్లు దాటుతుంది, శిక్షణ అదుపు తప్పుతుంది. లోతైన నెట్‌వర్కులు ఎందుకు నేర్చుకోవడం లేదన్న ప్రశ్నకు అప్పటిదాకా రకరకాల ఊహలే ఉండేవి. హోక్‌రైటర్ దానికి గణిత రూపంలో కారణం చూపించారు. దీన్నే ఇప్పుడు వానిషింగ్ గ్రేడియంట్ (ఆవిరైపోయే దిద్దుబాటు సంకేతం) సమస్య అంటున్నారు.

ఆ వ్యాసం జర్మన్‌లో ఉండిపోవడంతో బయటివారు చదవలేదు. 1994లో బెంజియో, సిమార్డ్, ఫ్రాస్కోనీ ఇదే విషయాన్ని స్వతంత్రంగా విశ్లేషించి ఆంగ్లంలో ప్రచురించారు. ఎక్కువమంది పరిశోధకులకు ఈ సమస్య పరిచయమైంది ఆ పత్రం ద్వారానే. ఇక్కడ పెద్ద తగాదా జరిగి ఉండాల్సింది. కానీ 2001లో ఇదే అంశం మీద వచ్చిన ఒక పుస్తక అధ్యాయానికి హోక్‌రైటర్, బెంజియో, ఫ్రాస్కోనీ, ష్మిడ్‌హూబర్ నలుగురూ కలిసి రచయితలయ్యారు. తర్వాతి కాలంలో జరిగిన మాటల యుద్ధాలను చూసినవారికి ఈ సంగతి వింతగా తోచవచ్చు.

సమస్య తెలిశాక పరిష్కారం వైపు ఆలోచన మళ్లింది. మెట్టు మెట్టుకూ గుణించే సంఖ్య 1 కంటే తక్కువైతే సంకేతం చస్తుంది, ఎక్కువైతే పేలుతుంది. అలాంటప్పుడు దాన్ని సరిగ్గా 1 దగ్గరే నిలిపేస్తే ఏమవుతుంది? ఎల్‌ఎస్‌టీఎంకు మూలసూత్రం ఇదే. నెట్‌వర్క్ లోపల ఒక మెమరీ సెల్ ఉంటుంది. అది తన విలువను తర్వాతి మెట్టుకు యథాతథంగా, 1తో గుణించి, మధ్యలో ఏ వంపుల ఫలనమూ లేకుండా అందిస్తుంది. అలా అయితే అడ్డమైన సమాచారమంతా అందులో వచ్చి పడుతుంది కాబట్టి, లోపలికి ఏది రావాలో నిర్ణయించే గేటు ఒకటి, బయటికి ఏది కనపడాలో నిర్ణయించే గేటు మరొకటి పెట్టారు. చెరువుకు తూముల్లాంటివి ఇవి, కాకపోతే ఎప్పుడు ఎంత తెరుచుకోవాలో శిక్షణలో అవే నేర్చుకుంటాయి. 1995లో సాంకేతిక నివేదికగా వచ్చిన ఈ పని 1997 నవంబరులో ‘న్యూరల్ కంప్యుటేషన్’ పత్రికలో అచ్చయింది. మొదటి రచయిత హోక్‌రైటర్, రెండో రచయిత ష్మిడ్‌హూబర్.

నేడు ఎల్‌ఎస్‌టీఎం అని మనం పిలుస్తున్నది 1997 నాటి నమూనా కాదన్న విషయం చాలా పరిచయ వ్యాసాల్లో కనిపించదు. మొదటి నమూనాలో మరిచిపోయే ఏర్పాటు లేదు. ఒక వాక్యం అయిపోయి ఇంకో వాక్యం మొదలయ్యే చోట ఎవరో ఒకరు సెల్‌ను సున్నా చేయాలి. ఎక్కడా ఆగకుండా వచ్చే సమాచార ప్రవాహంలో సెల్ విలువ పెరుగుతూనే పోయి నెట్‌వర్క్ పనికిరాకుండా పోతుంది. ఫెలిక్స్ గెర్స్, ష్మిడ్‌హూబర్, ఫ్రెడ్ కమిన్స్ 1999, 2000లలో దీనికి ఫర్గెట్ గేటును చేర్చారు. 1తో గుణించే చోట 0కీ 1కీ మధ్య నేర్చుకున్న సంఖ్యతో గుణించడం ఆ మార్పు. మూలసూత్రాన్ని కొంచెం సడలించడమే ఇది, కానీ అది లేకుండా నిజజీవితపు పనుల్లో ఎల్‌ఎస్‌టీఎం నిలిచేది కాదు. ఆ తర్వాత అలెక్స్ గ్రేవ్స్ వచ్చారు. మాటలోని ఏ క్షణంలో ఏ అక్షరం పలికారో ఎవరూ గుర్తులు పెట్టకపోయినా, మొత్తం శబ్దాన్నీ మొత్తం వాక్యాన్నీ మాత్రమే ఇచ్చి శిక్షణ ఇవ్వగల సీటీసీ అనే పద్ధతిని ఆయన ఫెర్నాండెజ్, గోమెజ్, ష్మిడ్‌హూబర్‌లతో కలిసి 2006లో ప్రచురించారు. 2009లో కలిపిరాత చేతిరాతను గుర్తించే అంతర్జాతీయ పోటీల్లో గ్రేవ్స్ నెట్‌వర్కులు గెలిచాయి. ఎల్‌ఎస్‌టీఎం ఘనత ఎవరిదని అడిగితే కనీసం ఈ నాలుగైదు పేర్లు చెప్పాలి, ఒక్క పేరు చెబితే సరిపోదు. ష్మిడ్‌హూబర్ కూడా హోక్‌రైటర్ 1991 వ్యాసాన్ని యంత్రాభ్యసన (మెషీన్ లెర్నింగ్) చరిత్రలోని అతి ముఖ్యమైన పత్రాల్లో ఒకటిగా పదేపదే పేర్కొంటారు. ఆ విషయంలో ఆయన్ను తప్పుపట్టడానికి లేదు.

ఈ పరిణామాల కాలంలో చాలావరకు ఆయన చిరునామా స్విట్జర్లాండ్. 1995లో లుగానో నగరంలోని ఐడీఎస్‌ఐఏ పరిశోధన సంస్థలో చేరారు. ఇటాలియన్ మాట్లాడే ఆ ప్రాంతంలో 1988లో ఈ సంస్థ ఏర్పడడానికి మూలధనం ఆంజెలో దాల్లె మొల్లె అనే ఇటలీ వ్యాపారి నెలకొల్పిన ఫౌండేషన్ నుంచి వచ్చింది. ఆయన ఆర్టిచోక్‌తో చేసే చీనార్ అనే మద్యాన్ని తయారుచేసి పేరు తెచ్చుకున్నవారు. న్యూరల్ నెట్‌వర్కుల మీద నమ్మకం సన్నగిల్లిన ఏళ్లలో, పెద్ద విశ్వవిద్యాలయాలకూ సిలికాన్ వ్యాలీకీ దూరంగా ఒక సరస్సు ఒడ్డున ఉన్న చిన్న సంస్థలో ఈ పరిశోధన పదేళ్లకు పైగా నిలదొక్కుకోవడం విశేషమే. అదే దూరం వల్ల ఆ పని గురించి చెప్పుకునేవారూ తక్కువయ్యారని నా అభిప్రాయం. హింటన్, లెకున్, బెంజియోలు ఒకరినొకరు ఎరిగినవారు, ఒకే కెనడా పరిశోధన కార్యక్రమం నీడలో పనిచేసినవారు. లుగానో బృందం ఆ వలయానికి బయట ఉంది. 2004 నుంచి 2009 వరకు ష్మిడ్‌హూబర్ మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో కాగ్నిటివ్ రోబోటిక్స్ ఆచార్యుడిగా కూడా ఉన్నారు. లుగానో నుంచి వెళ్లినవారిలో, ఇప్పుడు గూగుల్‌కు చెందిన కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ సహ వ్యవస్థాపకుడు షేన్ లెగ్ ఉన్నారు. ఐడీఎస్‌ఐఏలో ఆయన పరిశోధనకు మార్గదర్శి మాత్రం మరో జర్మన్ శాస్త్రవేత్త మార్కస్ హుట్టర్. గ్రేవ్స్ కూడా తర్వాత డీప్‌మైండ్‌కే వెళ్లారు.

ఎల్‌ఎస్‌టీఎం సామాన్యుల చేతికి వచ్చింది 2015 తర్వాతే. ఆ ఏడాది గూగుల్ తన స్వర గుర్తింపులో సీటీసీతో శిక్షణ పొందిన ఎల్‌ఎస్‌టీఎంలను ప్రవేశపెట్టింది. 2016లో ఎనిమిదేసి పొరల ఎల్‌ఎస్‌టీఎంలతో అనువాద వ్యవస్థను కట్టింది. 2017 ఏప్రిల్‌లో ఆ న్యూరల్ అనువాదం తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషలకు వచ్చింది. అంతకు ముందు గూగుల్ తెలుగు అనువాదాలు చదివి నవ్వుకున్నవారికి, ఆ తర్వాత వాక్యం చివరి క్రియ కొంతైనా కుదురుకోవడం గుర్తుండే ఉంటుంది. అచ్చు పుస్తకాల పేజీలను యూనికోడ్ అక్షరాలుగా మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ టెసరాక్ట్ కూడా 2018లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి ఎల్‌ఎస్‌టీఎం మీదే నడుస్తోంది. పాత తెలుగు పుస్తకాలను డిజిటల్ రూపంలోకి తెచ్చేవారు దాన్ని వాడుతూనే ఉన్నారు. వీడియో గేములు ఆడే ఓపెన్‌ఏఐ డోటా ఆటగాడి వ్యవస్థ, డీప్‌మైండ్ ఆల్ఫాస్టార్‌ల లోపల కూడా ఎల్‌ఎస్‌టీఎంలు ఉన్నాయి. ఈ భాగంలో ష్మిడ్‌హూబర్ చెప్పేదాంట్లో అతిశయోక్తి లేదు.

చిత్రాలను గుర్తించే రంగంలో ఆయన బృందం పాత్ర గురించి ఎక్కువమందికి తెలియదు. 2010లో డాన్ చిరేషాన్, ష్మిడ్‌హూబర్ తదితరులు మామూలు న్యూరల్ నెట్‌వర్క్‌ను గ్రాఫిక్స్ కార్డు మీద శిక్షణ ఇచ్చి, చేతిరాత అంకెల ప్రసిద్ధ పరీక్షలో తప్పులను 0.35 శాతానికి, అంటే పది వేలలో ముప్ఫై అయిదుకు తగ్గించారు. మరుసటి ఏడాది శాన్ హోసేలో జరిగిన జర్మన్ రహదారి గుర్తుల పోటీలో 43 రకాల గుర్తుల మీద వారి నెట్‌వర్కుల కూటమి 99.46 శాతం సరైన జవాబులు చెప్పింది. అదే పరీక్షలో మనుషుల సగటు 98.84 శాతం. ఈ విజయాల తర్వాత 2012 చివర్లో టొరంటోలో హింటన్ విద్యార్థులు అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్స్‌కేవర్ తయారుచేసిన అలెక్స్‌నెట్ చిత్రాలను గుర్తించే ఇమేజ్‌నెట్ పోటీ గెలిచింది. డీప్ లెర్నింగ్ (ఎన్నో పొరల నెట్‌వర్కులతో నేర్పించే పద్ధతి) యుగం అక్కడ మొదలైందని అందరూ అంటారు. ష్మిడ్‌హూబర్ మాత్రం తమ నెట్‌వర్కులు అంతకు ముందే నాలుగు పోటీలు గెలిచాయని గుర్తుచేస్తారు. నిజమే. కానీ వెయ్యి వర్గాల, పన్నెండు లక్షల చిత్రాల మీద, రెండో స్థానంలోని వ్యవస్థ తప్పులు 26.2 శాతం ఉండగా 15.3 శాతానికి దించడం వేరే స్థాయి సంఘటన. గ్రాఫిక్స్ కార్డుతో లోతైన నెట్‌వర్కులు మనుషులను దాటగలవని ముందు చూపించింది లుగానో, దాన్ని ఎవరూ కాదనలేని స్థాయిలో రుజువు చేసింది టొరంటో. ఈ రెండింటినీ ఒకే ‘మొదటి’ కింద జమకట్టబోవడంతోనే వివాదం పుట్టింది.

ఇక్కడ ఒక తేడాను స్పష్టంగా పెట్టుకోవాలి. ఒక సూత్రాన్ని మొదట కాగితం మీద రాయడం ఒక పని. దాన్ని నిజమైన సమాచారం మీద పనిచేయించడం ఇంకో పని. అది ఎందుకు ముఖ్యమో తోటి పరిశోధకులకు అర్థమయ్యేలా చేసి, వందల మంది దాని మీద పనిచేసేలా చేయడం మూడో పని. ష్మిడ్‌హూబర్ ఎప్పుడూ మొదటిదాన్నే కొలబద్దగా తీసుకుంటారు. పురస్కార సంఘాలు ఎక్కువగా మూడోదాన్ని చూస్తాయి. ఎల్‌ఎస్‌టీఎం విషయంలో ఆయన బృందం మొదటి రెండూ చేసింది, మూడోదీ చాలావరకు చేసింది. కాబట్టి అక్కడ గొడవ లేదు. మిగతా చోట్ల ఉంది.

గాన్ అనే నెట్‌వర్కుల మీద జరిగిన వాదం ఇందుకు మంచి ఉదాహరణ. 2014లో మాంట్రియల్ విశ్వవిద్యాలయంలో ఇయన్ గుడ్‌ఫెలో, బెంజియో తదితరులు ప్రతిపాదించిన ఈ పద్ధతిలో రెండు నెట్‌వర్కులు పోటీపడతాయి. ఒకటి నకిలీ చిత్రాలు గీస్తుంది, రెండోది అసలేదో నకిలీ ఏదో పసిగడుతుంది. రెండోది చేసే తప్పులు తగ్గాలని దాని ప్రయత్నం, పెరగాలని మొదటిదాని ప్రయత్నం. ష్మిడ్‌హూబర్ 1990 నాటి ‘కృత్రిమ కుతూహలం’ ప్రతిపాదనలోనూ రెండు నెట్‌వర్కులు ఉంటాయి. ఒకటి చర్యలు ఎంచుకుంటుంది, రెండోది ఆ చర్యల ఫలితాలను ముందుగా ఊహిస్తుంది. ఊహించేదాని తప్పు ఎక్కడ ఎక్కువ ఉంటుందో అక్కడికి వెళ్లడమే మొదటిదాని పని, తెలియనిదాన్ని వెతుక్కుంటూ వెళ్లే పిల్లవాడి కుతూహలానికి గణిత రూపం అన్నమాట. ఒకరి లాభం ఇంకొకరి నష్టం అనే నిర్మాణం రెండింట్లోనూ ఉంది. 1991లో ఆయన ప్రతిపాదించిన ప్రెడిక్టబిలిటీ మినిమైజేషన్ (మరో నెట్‌వర్క్ ఊహకు అందకుండా ఉండటం నేర్పే పద్ధతి)లోనూ అలాంటి పోటీయే ఉంది.

2016లో బార్సెలోనాలో జరిగిన ఒక యంత్రాభ్యసన సదస్సులో గుడ్‌ఫెలో గాన్‌ల గురించి పాఠం చెబుతుండగా ష్మిడ్‌హూబర్ లేచి తన 1990ల నాటి పనితో పోలిక గురించి అడిగారు. ఈ విషయం మీద ఇదివరకే ఉత్తరప్రత్యుత్తరాలు జరిగాయని, పాఠం వినడానికి వచ్చినవారి సమయాన్ని దానికి వాడదలచుకోలేదని గుడ్‌ఫెలో బదులిచ్చారు. ఆ వీడియో చూసినవారిలో చాలామందికి గుర్తుండిపోయింది వాదన కాదు, అడ్డుతగలడమే. వాదన సంగతికొస్తే, గాన్ పత్రం తుది ప్రతిలో ప్రెడిక్టబిలిటీ మినిమైజేషన్ ప్రస్తావన ఉంది, రెండింటికీ తేడాలున్నాయన్న వివరణ కూడా ఉంది. ఆ వివరణలో పొరపాటు ఉందని ష్మిడ్‌హూబర్ అంటారు. 2020లో ఒక పత్రికా వ్యాసంలో గాన్‌లు 1990 నాటి కృత్రిమ కుతూహలానికి ఒక ప్రత్యేక సందర్భం మాత్రమేనని వాదించారు. పరిసరం అనేది ‘అసలు’ లేదా ‘నకిలీ’ అని మాత్రమే బదులిస్తుందనుకుంటే గణితపరంగా అలా చూపవచ్చు. అయితే అలా చూపగలగడం వేరు, ఆ మార్గంలో నమ్మదగ్గ బొమ్మలు గీయించవచ్చని ఊహించి గీయించడం వేరు. ఇరవై నాలుగేళ్ల పాటు ఆ ‘ప్రత్యేక సందర్భం’ ఎవరికీ తట్టలేదు, ఆయనకు కూడా. ఈ పోటీ సూత్రానికి పూర్వీకుడిగా ఆయన పేరు తప్పక రావాలి. గాన్‌లను కనిపెట్టినవారిగా మాత్రం కాదు.

ట్రాన్స్‌ఫార్మర్ల కథ ఇంకొంచెం చిక్కైనది. 2017లో గూగుల్‌లో పనిచేసిన ఎనిమిది మంది ప్రతిపాదించిన ఈ నిర్మాణం నేటి భాషా నమూనాల్లో (చాట్‌బాట్‌ల వెనక ఉండే వ్యవస్థల్లో) దాదాపు అన్నింటికీ పునాది. ఎల్‌ఎస్‌టీఎంను అది పక్కకు నెట్టడానికి ముఖ్య కారణం వేగం. ఎల్‌ఎస్‌టీఎం వందో మాటను చదవాలంటే ముందు తొంభై తొమ్మిదినీ వరుసగా చదివి ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్ శిక్షణలో మాటలన్నింటినీ ఒకేసారి చూస్తుంది. ప్రతి మాట నుంచీ ఒక కీ, ఒక వాల్యూ తయారవుతాయి, తర్వాత వచ్చే మాట తన ప్రశ్నను ఆ కీలతో పోల్చి తగిన వాల్యూలను తీసుకుంటుంది. 1991లో ష్మిడ్‌హూబర్ ప్రతిపాదించిన ఫాస్ట్ వెయిట్ ప్రోగ్రామర్‌లో నెమ్మదిగా నేర్చుకునే నెట్‌వర్క్ ఒకటి ప్రతి ఇన్‌పుట్‌కూ రెండు సంఖ్యా శ్రేణులను తయారుచేస్తుంది. ఆ రెండింటినీ గుణించగా వచ్చిన పట్టికను వేగంగా మారే మరో నెట్‌వర్క్ వెయిట్లకు కలుపుతుంది. ఆ శ్రేణులే కీ, వాల్యూ అనుకుంటే, 2021లో ఇమానోల్ ష్లాగ్, కజుకి ఇరీ, ష్మిడ్‌హూబర్ చూపించినట్టు, ఇది లీనియర్ ట్రాన్స్‌ఫార్మర్ అని పిలిచే రకంతో సమానమవుతుంది.

ఇందులోని ‘లీనియర్’ అన్న మాటను వదిలేస్తే మొత్తం వాదన తప్పుదారి పడుతుంది. చాట్‌బాట్‌ల వెనక ఉన్న మామూలు ట్రాన్స్‌ఫార్మర్‌లో పోలికల ఫలితాన్ని సాఫ్ట్‌మాక్స్ అనే మెట్టు గుండా పంపుతారు. దగ్గరి పోలికను బలంగా ఎంచుకుని మిగతావాటిని దాదాపు సున్నా చేసే శక్తి ఆ మెట్టుదే. అది ఉన్నందువల్లే గడిచిన మాటలన్నింటినీ విడివిడిగా దాచుకోవాల్సి వస్తుంది, వాక్యం పొడవు రెట్టింపైతే పోలికల లెక్క నాలుగు రెట్లవుతుంది. 1991 నమూనాలో ఇది లేదు. అది సమాచారాన్ని ఒకే నిర్ణీత పరిమాణపు పట్టికలో కుదిస్తుంది, అందుకే చవక, అందుకే మరుపు కూడా ఎక్కువ. రెండు పద్ధతులకూ బంధుత్వం ఉందన్నది నిజం, 2017 పత్రం 1991 పత్రం నుంచి పుట్టిందన్నది నిజం కాదు. ష్మిడ్‌హూబర్ తన వ్యాసాల లోపలి పేజీల్లో ఈ తేడాను పాటిస్తారు. శీర్షికల్లోనూ సోషల్ మీడియాలోనూ మాత్రం తరచూ ‘1991 నాటి ట్రాన్స్‌ఫార్మర్’ అన్న ధోరణిలో రాస్తారు. ఆయన మీద వచ్చే విమర్శల్లో సగం ఆ శీర్షికల పుణ్యమే.

తన గురించి కాకుండా ఇతరుల గురించి రాసినప్పుడు ష్మిడ్‌హూబర్ చాలా ఉపయోగకరమైన చరిత్రకారుడు. 2015లో ‘న్యూరల్ నెట్‌వర్క్స్’ పత్రికలో ఆయన ప్రచురించిన డీప్ లెర్నింగ్ సమీక్ష 888 మూలాలను ఉటంకిస్తుంది. 1965లోనే కీవ్‌లో అలెక్సీ ఇవాఖ్నెంకో, లాపా బహుళ పొరల నెట్‌వర్కులకు శిక్షణ ఇచ్చారని, 1967లో జపాన్‌కు చెందిన షునిచీ అమారి స్టోకాస్టిక్ గ్రేడియంట్ డిసెంట్ (తప్పును కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోయే పద్ధతి)తో అలాంటి నెట్‌వర్కులు నేర్చుకోగలవని చూపారని, దోష సంకేతాన్ని వెనక్కి పంపే, బ్యాక్‌ప్రొపగేషన్‌గా మనం ఎరిగిన లెక్కల పద్ధతి 1970లో హెల్సింకీలో సెప్పో లిన్నైన్మా రాసిన మాస్టర్స్ వ్యాసంలో ఉందని ఈ తరం విద్యార్థుల్లో చాలామందికి తెలిసింది ఆయన పట్టుదల వల్లే. 2015లోనే ‘నేచర్’లో లెకున్, బెంజియో, హింటన్ రాసిన సమీక్ష ఇలాంటి పూర్వీకులను వదిలేసిందన్నది ఆయన ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో పస ఉంది. 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ పత్రం బ్యాక్‌ప్రొపగేషన్‌తో నెట్‌వర్కులు లోపల ఉపయోగకరమైన ప్రాతినిధ్యాలను సొంతంగా ఏర్పరచుకోగలవని చూపించి అందరినీ కదిలించింది గానీ, ఆ పద్ధతిని తాను కనిపెట్టినట్టు ఎప్పుడూ చెప్పలేదని హింటన్ కూడా బహిరంగంగానే అన్నారు. 2024 నోబెల్ విషయంలోనూ, హాప్‌ఫీల్డ్ 1982 పత్రానికి పదేళ్ల ముందే అమారి అలాంటి నెట్‌వర్క్‌ను ప్రచురించారని ఆయన చూపిన వాస్తవాన్ని తోసిపుచ్చడం కష్టం. అమారి వంటివారి కోసం వేరెవరైనా ఇంత గట్టిగా మాట్లాడి ఉంటే ఇంకాస్త చెవికెక్కేదేమో. మాట్లాడుతున్నది ఆయన కావడంతో, జాబితా ఎక్కడ మొదలైనా చివరికి లుగానోకే చేరుతుందని వినేవారు ముందే అనుకుంటారు.

2003లో ప్రతిపాదించిన గోడెల్ మెషీన్ గురించి ఒక్క మాట చాలు. మార్పు మేలు చేస్తుందని గణితపరంగా రుజువైతేనే తన కోడ్‌ను తానే తిరగరాసుకునే యంత్రం అది. 1987 వ్యాసంలోని కోరికకు కట్టుదిట్టమైన రూపం అనుకోవచ్చు, ఆచరణలో మాత్రం పెద్దగా నిలవలేదు. 2014లో ఆయన సహ వ్యవస్థాపకుడిగా నెలకొల్పిన నైసెన్స్ అనే కంపెనీ కూడా డీప్‌మైండ్ స్థాయికి చేరలేదు. 2015 మేలో ఆయన విద్యార్థులు రూపేశ్ శ్రీవాస్తవ, క్లాస్ గ్రెఫ్‌లతో కలిసి ప్రచురించిన హైవే నెట్‌వర్క్స్‌కు అంతకంటే ఎక్కువ ప్రాధాన్యం ఉంది. ఎల్‌ఎస్‌టీఎం గేట్ల సూత్రాన్ని కాలం మీద కాకుండా పొరల మీద ప్రయోగించి, వందల పొరల నెట్‌వర్కులకు శిక్షణ ఇవ్వడం సాధ్యమని అది చూపింది. అదే ఏడాది డిసెంబరులో మైక్రోసాఫ్ట్ పరిశోధకుల రెస్‌నెట్ వచ్చింది. గేట్లను ఎప్పుడూ తెరిచే ఉంచితే హైవే నెట్‌వర్క్ రెస్‌నెట్ అవుతుంది. రెస్‌నెట్ పత్రం హైవేను ఉటంకించింది కూడా. అయినా లోకం వాడుకలో నిలిచింది సులువుగా ఉన్న రెండోదే.

2021లో ష్మిడ్‌హూబర్ సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయంలో కృత్రిమ మేధ కార్యక్రమానికి డైరెక్టర్‌గా చేరారు. హోక్‌రైటర్ ఆస్ట్రియాలోని లింజ్‌లో జొహానెస్ కెప్లర్ విశ్వవిద్యాలయంలో యంత్రాభ్యసన విభాగానికి నేతృత్వం వహిస్తున్నారు. 2024లో ఆయన బృందం ఎక్స్‌ఎల్‌ఎస్‌టీఎం పేరుతో, భాషా నమూనాల్లో ట్రాన్స్‌ఫార్మర్లతో తలపడాలన్న ఉద్దేశంతో, కొత్త నిర్మాణాన్ని ప్రచురించింది. రచయితల్లో ష్మిడ్‌హూబర్ లేరు. అందులో ఒక రకం సెల్‌లో పాత ఎల్‌ఎస్‌టీఎంలోని ఒంటరి సంఖ్యకు బదులు ఒక పట్టిక ఉంటుంది, దాన్ని ప్రతి మెట్టులోనూ కీ, వాల్యూల లబ్ధాన్ని కలిపి నవీకరిస్తారు, పాతదాన్ని ఎంత ఉంచాలో ఫర్గెట్ గేటు నిర్ణయిస్తుంది. కీ, వాల్యూలను గుణించి పట్టికకు కలిపే ఆ సూత్రం ఫాస్ట్ వెయిట్ ప్రోగ్రామర్‌ది, గేటు గెర్స్‌ది, దోష సంకేతం చావకుండా కాపాడే మూలాలోచన హోక్‌రైటర్ డిప్లొమా వ్యాసంతో మొదలైనది.